తాడు లేకుండా గుట్ట ఎక్కొచ్చా? నల్గొండ తమ్ముడికి ఒక పీఈటీ జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇదీ. నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నావు. దోస్తులతో కలిసి లతీఫ్ సాబ్ గుట్ట, కాపురాల గుట్ట, దేవరకొండ ఖిల్లా ఎక్కుతున్నావు, అదీ మెట్ల దారిలో కాకుండా బండ మీదుగా. ఆ కిక్కు ఇంకెక్కడా దొరకట్లేదంటున్నావు. ఇప్పుడు భువనగిరి బండను పక్కవైపు నుంచి తాడు లేకుండా ఎక్కుదామని ప్లాన్. ఒక దోస్తు మాత్రం బోరు మోటారు తాడు తెస్తానన్నాడు. ఆ తాడు పనికొస్తుందా, అసలు ప్రమాదం ఎంత, ఇంట్లో ఏం చెప్పాలి? ఇవీ నీ మూడు ప్రశ్నలు.

ముందు సూటిగా చెప్తా. తాడు లేకుండా వద్దు. బోరు తాడుతో అసలే వద్దు. ఎక్కడం మాత్రం మానొద్దు, నేర్చుకుని ఎక్కు. ఈ మాట ఎందుకంటున్నానో చెప్పాలంటే కొంచెం పొడుగు అవుతుంది, ఓపికుంటే చదువు.

నేను సర్కారు బడిలో పీఈటీని. ఇరవై ఏళ్లుగా సెలవుల్లో పిల్లలకు బండ ఎక్కడం నేర్పుతున్నాను. హిమాలయాలకు ఆరుసార్లు వెళ్లొచ్చాను. గొప్ప శిఖరాలేం ఎక్కలేదు. ఎక్కినవాటికంటే సగంలో వెనక్కి తిరిగినవి ఎక్కువ.

మన గుట్టల ఆకారమే అసలు మోసం. భువనగిరి బండను హైవే మీది నుంచి చూశావు కదా, బోర్లించిన గుడ్డులా ఉంటుంది. దాదాపు 500 అడుగుల ఎత్తున్న ఒకే రాయి. మన జిల్లాల్లో చాలా గుట్టలు చిన్న సైజులో ఇదే తీరు. గుడ్డు మీద చీమ పాకుతోందనుకో. అడుగున నిలువుగా ఉంటుంది, పైకి పోయేకొద్దీ చదునవుతుంది. అంటే ఎక్కేవాడికి కష్టమంతా మొదటి ముప్పై నలభై అడుగుల్లోనే. అది దాటగానే పని తేలికవుతూ పోతుంది, ధైర్యం పెరుగుతూ పోతుంది. పైకి చేరేసరికి ఎవరైనా హీరోనే.

ఇక దిగేటప్పుడు అంతా ఉల్టా. పైన జేబులో చేతులు పెట్టుకుని నడిచేంత చదును. పది అడుగులకు కొంచెం వాలు, ఇంకో పది అడుగులకు ఇంకొంచెం. ఎక్కడ నడక ఆగి జారడం మొదలవుతుందో కంటికి తెలియదు, ఎందుకంటే గుడ్డు వంపు కింది భాగాన్ని దాచేస్తుంది. 'ఇక్కడిదాకా వచ్చాం కదా, ఇంకొంచెం' అనుకునే చోటే వెనక్కి ఎక్కలేని చోటు కూడా. పైగా కష్టమైన నలభై అడుగులు చివర్లో వస్తాయి, కాళ్లు అలిసిపోయాక, నీళ్లు అయిపోయాక.

ఇది నాకు ఒళ్లు మీదికి వచ్చి తెలిసింది. 1991 దసరా సెలవులు, ఇంటర్ చదువుతున్నా. దోస్తుతో కలిసి సీతాఫలాల కోసం మా ఊరి గుట్ట ఎక్కాను. ఎక్కడం పావుగంట. పైన కడుపునిండా తిన్నాం, గింజలు ఎవరు దూరం ఉమ్ముతారో పందెం వేసుకున్నాం. దిగేటప్పుడు, చెరువు వైపు అయితే దగ్గర కదా అని నేను ఆ పక్కకు దిగాను. వాడు రాలేదు, బుద్ధిమంతుడు. మొదట నడిచాను. తర్వాత కూర్చుని జరిగాను. చెప్పులు చేతిలో ఉన్నాయి. ఒక చెప్పు జారింది. అది బండ మీద మెల్లగా, తొందరేం లేనట్టు జారుకుంటూ పోయి వంపు దగ్గర మాయమైంది. చప్పుడు వినబడలేదు. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకునేంత సేపయ్యాక కింద ఎక్కడో 'టప్' మంది.

అక్కడే ఆగిపోయాను. నా కుడి మడమ కింద బండలోంచి పొడుచుకొచ్చిన శనగగింజంత రాయి ఉంది. నన్ను ఆపింది అదొక్కటే. మోకాళ్లు వాటంతట అవే వణకడం మొదలైంది. ఆపుదామంటే ఇంకా ఎక్కువైంది. గంటన్నర అలాగే ఉన్నా.

దోస్తు ఊళ్లోకి ఉరికి, తాటిచెట్ల దగ్గర కల్లు గీస్తున్న గౌండ్ల కాకను తోలుకొచ్చాడు. ఆయన తన మోకుతో (చెట్టెక్కే తాడు) పాటు ఇంకో ఇద్దరివి కూడా తెచ్చి, మూడూ ముడేసి, పైన రాతి సందులో మొలిచిన జువ్వి చెట్టుకు కట్టాడు. నాకు ఇప్పటికీ కళ్లముందున్నది ఆ తర్వాతి పని. నేను కింద ఏడుస్తున్నా, ఆయన మాత్రం తొందరపడలేదు. తాడును నడుముకు చుట్టుకుని, చదును మీద నిలబడి, మొత్తం బరువు వెనక్కి వేసి మూడుసార్లు గుంజి చూసుకున్నాడు. ప్రతి ముడినీ చేత్తో తడిమాడు. అప్పుడు దిగాడు. నన్ను పైకి చేర్చాక చెంప మీద ఒక్కటిచ్చి, "ఎక్కుడు ఎవడైనా ఎక్కుతడు రా. దిగేతొవ్వ సూసుకున్నంకనే ఎక్కాలె" అన్నాడు.

తర్వాత నేను ఉత్తరకాశీలో ఇరవై ఎనిమిది రోజుల పర్వతారోహణ బేసిక్ కోర్సు చేశాను. అక్కడ సార్లు హిందీలో మొదటిరోజు చెప్పింది కూడా ఈ రెండు సంగతులే: దిగే దారి, బరువు వేసి తాడు పరీక్ష. మన గీత కార్మికులకు ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు నాకు ఆ కాకే యాదికొచ్చాడు. ఇంకో ముప్పై ఏళ్ల ముందు వచ్చి ఉంటే బాగుండేది.

ఇప్పుడు బోరు తాడు సంగతి. నీ దోస్తు వాదన నాకు తెలుసు: 'రెండు క్వింటాళ్ల మోటారును మోస్తుంది, అరవై కిలోల మనిషిని మోయదా?' మోస్తుంది, వేలాడితే. మోటారు ఎప్పుడూ పడదు కదా, మెల్లగా దిగుతుంది. మనిషి పడతాడు. పది అడుగులు పడి తాడు ఒక్కసారిగా బిగుసుకుంటే నడుం మీద పడే దెబ్బ ఒంటి బరువుకు ఎన్నో రెట్లు. ఎక్కేవాళ్లు వాడే డైనమిక్ తాడు అప్పుడు సాగుతుంది, సాగుతూ ఆ దెబ్బను మింగేస్తుంది. నువ్వు ఆగుతావు కానీ విరగవు. బోరు తాడు సాగదు. అది తెగకపోయినా నడుమో వెన్నెముకో పోతుంది. పైగా బావి దగ్గర ఎండలో ఏళ్లకేళ్లు పడి ఉన్న ప్లాస్టిక్ తాడు పైకి బాగానే ఉంటుంది, లోపల పోగులు పొడి అయిపోయి ఉంటాయి. వేలి మధ్య నలిపి చూడు, రంగు పొడి రాలుతుంది.

కొక్కేలు కూడా అంతే. అసలైన కారబినర్ మీద బలం అంకె చెక్కి ఉంటుంది, కిలోన్యూటన్లలో. పొడవు దిక్కున కనీసం 20 ఉండాలి, అంటే ఇంచుమించు రెండు టన్నులు. అదే కొక్కెం అడ్డం తిరిగితే ఏడో ఎనిమిదో మాత్రమే మోస్తుంది. అందుకే మంచి కొక్కెం కొన్నా, అది ఎటు తిరిగి ఉందో ప్రతిసారీ చూడాలి. బైకు తాళం చెవులకు వేలాడే రంగురంగులవి ఇందులో లెక్కకు రావు.

సరుకు మంచిదైనా సరిపోదు. ఆరేడేళ్ల కింద ఒక శిబిరంలో పదో తరగతి పిల్లాడు తాడుతో కిందికి దిగేందుకు, బండ అంచున వెనక్కి వాలడానికి సిద్ధంగా నిలబడ్డాడు. హార్నెస్ (తాడు తగిలించడానికి నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీలు) కొత్తది, తాడు కొత్తది, హెల్మెట్ ఉంది. పక్కనున్న ఇంకో శిక్షకుడు చూశాడు, ఓకే అన్నాడు. నేను అలవాటు కొద్దీ నడుం పట్టీ మీద చెయ్యి వేశా. బకిల్ లోంచి పట్టీని వెనక్కి తిప్పి రెండోసారి దూర్చలేదు. పాత రకం బకిల్ అది, బరువు పడితే జారిపోతుంది. పిల్లాడికి ఏమీ చెప్పకుండా సరిచేసి పంపించాను. కిందికి దిగి 'సార్, ఇంకోసారి' అన్నాడు. నేను వెళ్లి చెట్టుకింద కూర్చున్నా, ఆ పూట అన్నం సహించలేదు. అప్పటి నుంచి మా దగ్గర ఒకటే రూలు: కళ్లతో చూడటం చెకింగ్ కాదు, చెయ్యి పెట్టాలి. ఇద్దరు చెయ్యి పెట్టాలి.

ఇదంతా చదివి 'సార్ భయపెడుతున్నాడు' అనుకోకు. ఆ కిక్కు గురించి నాకు తెలియక కాదు. యాభై దాటాక కూడా నేను ఎందుకు పోతున్నాను మరి? బండ మీద ముప్పై అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు ప్రపంచం మొత్తం రెండు అరచేతుల వెడల్పుకు తగ్గిపోతుంది. ఈఎంఐ గుర్తుండదు, హెడ్‌మాస్టర్‌తో గొడవ గుర్తుండదు. వేలి కొనల కింద గరుకుదనం, బొటనవేలి కింద గోరంత అంచు, అంతే. గుండె చప్పుడు చెవుల్లో వినబడుతుంది. తర్వాతి పట్టు దొరికి బరువు మారిన ఆ ఒక్క సెకను, ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టుంటుంది. నీకు దొరికిందీ అదే. తాడు కట్టుకుంటే ఆ మజా పోతుందని నీ భయం. పోదు. నీ ఒంటికి తాడున్న సంగతి గుర్తుండదు, పట్టు జారబోతే భయం మామూలుగానే వేస్తుంది. తేడా అల్లా, తాడుంటే నీకు రాని మూవ్ కూడా ధైర్యంగా ప్రయత్నిస్తావు. పడతావు, మళ్లీ ఎక్కుతావు. తాడు లేనివాడు జీవితమంతా తనకు వచ్చిన తేలిక దారుల్లోనే తిరుగుతుంటాడు.

నువ్వు వీడియోలు పంపావు కదా, తాడు లేకుండా ఎక్కేవాళ్లవి. వాళ్లలో పేరున్నవాడు అలెక్స్ హానోల్డ్. 2017 జూన్ 3న అమెరికాలో ఎల్ కాపిటాన్ అనే బండను, దాదాపు మూడు వేల అడుగులు, తాడు లేకుండా నాలుగు గంటల్లోపు ఎక్కాడు. మన భువనగిరిని ఆరుసార్లు ఒకదాని మీద ఒకటి పెట్టినంత, అదీ గ్రానైటే. వీడియోలో ఆ నాలుగు గంటలే కనబడతాయి. అంతకుముందు ఏడాదికి పైగా అదే దారిలో తాడు కట్టుకుని పదేపదే ఎక్కి, ఏ వేలు ఎక్కడో బట్టీ పట్టాడు. అంతకుముందు సంవత్సరం ఒకసారి తాడు లేకుండా మొదలుపెట్టి, మనసుకు బాగా అనిపించక కొంత దూరం వెళ్లి ఆపేశాడు. ఆ ఆపేసిన రోజు నాకు ఎక్కిన రోజుకంటే గొప్పగా అనిపిస్తుంది. ఆదివారం పొద్దున బైకుల మీద వెళ్లి, చూడని దారిలో, రీల్ కోసం ఎక్కేదానికీ దీనికీ పోలికే లేదు.

బండ గురించి కొన్ని ముక్కలు, నేర్చుకునేటప్పుడు పనికొస్తాయి.

మన గ్రానైటు ఉల్లిగడ్డలాగా పొరలు పొరలుగా ఊడుతుంది. వడ్డెరవాళ్లు బండ మీద మంట పెట్టి పలకలు లేపేది ఈ గుణాన్ని పట్టుకునే. కాబట్టి పట్టుకునే ముందు పిడికిలితో తట్టు, సంతలో కుండ కొనేముందు తట్టినట్టు. గట్టి రాయి మొద్దుగా పలుకుతుంది. డొల్లగా 'డబ్' మంటే అది ఎప్పుడైనా ఊడొచ్చే పెచ్చు, దాన్ని ముట్టుకోకు. నీళ్లు కారి నల్ల చారలు పడ్డచోట ఎండాకాలం ఏం కాదు. ఒక్క జల్లు పడితే చాలు, సబ్బు రాసినట్టే. వాలు బండ మీద కొత్తవాళ్లంతా భయంతో బండను కౌగిలించుకుంటారు. అలా వంగితే బరువు కాళ్ల మీది నుంచి పోయి పాదం జారుతుంది. నిటారుగా నిలబడి, మడమ కిందికి దించి, ఒళ్లంతా పాదం మీద వెయ్యి. మనసు ఒప్పుకోదు, కానీ పట్టు వచ్చేది అప్పుడే.

తేనెటీగలు. నన్నడిగితే మన కోటల దగ్గర పాము కంటే వీటికే భయపడాలి. పెద్ద కొండ తేనెటీగలు వంగిన బండ కింద, బురుజుల చూరుల్లో పెరలు పెడతాయి. ఒకటి కుడితే ఆ వాసనకు మిగతావి వస్తాయి. ఒక కోట దగ్గర మా కంటే ముందు వెళ్లిన గుంపులో ఎవరో సిగరెట్ వెలిగించారు. అవి లేచి మా మీద పడ్డాయి. తాడు మీద ఉన్నవాడు ఉరకలేడు కదా, అదే అసలు ప్రమాదం. ఆ రోజు తాడు మీద ఎవరూ లేరు కాబట్టి ఈగలు కుట్టడంతోనే బయటపడ్డాం, నన్ను పదకొండు చోట్ల కుట్టాయి. ఎక్కే ముందు బైనాక్యులర్‌తో పైకి చూడు, పెర కనబడితే ఆ పక్కకే పోకు. పొగ, సెంటు, స్పీకర్ పాటలు ఏవీ వద్దు. లేస్తే నిలబడి చేతులు ఊపకు, ముఖం కప్పుకుని ఉరుకు.

ఎండ సంగతి నల్గొండోడికి నేను చెప్పాలా? అయినా చెప్తా. మార్చి దాటాక పదకొండు గంటలకే బండ పెనం అవుతుంది. ఎండ పైనుంచి ఒకటి, రాయి నుంచి ఇంకొకటి. వడదెబ్బలో అసలు భయపడాల్సింది మాట తడబడటం, మనిషి తికమకపడటం. చెమట ఇంకా పడుతోంది కదా అని ఊరుకోవద్దు. అప్పుడు నీళ్లు తాగించడం కాదు, ఒళ్లు తడిపి, గాలి విసిరి, 108కి ఫోన్ చెయ్యాలి. ఎక్కడానికి మంచి కాలం నవంబరు నుంచి ఫిబ్రవరి, అదీ పొద్దున తొమ్మిదిలోపు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుము వినబడగానే దిగిపో. బోడిబండ మీద అందరికంటే ఎత్తున ఉండేది నువ్వే, పిడుగుకు అంతకంటే ఏం కావాలి?

ఇంకో మాట, అమ్రాబాద్ అడవిలోకి పోయి ఎవరూ పోని గుట్ట ఎక్కుదామని కూడా రాశావు. అది పులుల అభయారణ్యం. అనుమతి లేకుండా దారి తప్పి లోపలికి పోతే కేసు, పులి కంటే ముందు ఎలుగుబంటి. సలేశ్వరం చూడాలనుంటే చైత్ర పౌర్ణమికి జాతర జరిగే రోజుల్లో పో, ఆ లోయలో రాళ్ల దారి దిగి ఎక్కడమే నీకు చాలినంత ట్రెక్కింగు.

పెద్ద కొండల గురించి. మాలావత్ పూర్ణ పేరు తెలియనివాళ్లు మన దగ్గర లేరు. 2014 మే 25న, పద్నాలుగు నిండకముందే ఎవరెస్ట్ ఎక్కింది. పక్కన ఖమ్మం పిల్లాడు ఆనంద్ కుమార్. ఇద్దరూ గురుకుల పిల్లలే, వాళ్ల తొలి పాఠం నువ్వు ఇప్పుడు తాడు లేకుండా ఎక్కుతానంటున్న భువనగిరి బండ మీదే, తాడుతో. తర్వాత డార్జిలింగ్, లడఖ్. వాళ్లు టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే సీజన్‌లో, ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి పదహారు మంది పోయారు. వాళ్లంతా ఆ కొండ మీదే పనిచేసే నేపాలీ మనుషులు. నేర్చుకున్నా కూడా కొంత ప్రమాదం మిగులుతుంది, అది నీ చేతిలో ఉండదు. నీ చేతిలో ఉన్నదాన్ని కూడా వదిలేస్తే ఎట్లా?

ఆ ఎత్తుల్లో అదనంగా వచ్చే ప్రమాదం పల్చటి గాలి. ఎవరెస్ట్ మీద ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడున్నదాంట్లో మూడో వంతు. అంత ఎత్తు దాకా అక్కర్లేదు, రెండున్నర వేల మీటర్లు దాటితేనే తలనొప్పి, వాంతులు మొదలవ్వచ్చు. ఒక ట్రెక్కులో నాతో వచ్చిన కుర్రాడు, మంచి జిమ్ బాడీ, రెండురోజులు తలనొప్పి దాచిపెట్టాడు. డబ్బులు కట్టాం కదా, వెనక్కి పంపిస్తారని. మూడోరోజు పొద్దున టెంట్ బయట తాగినవాడిలా తూలుతున్నాడు. మెదడులో నీరు చేరే లక్షణం అది. ఆ క్షణమే కిందికి దించాం, ఎనిమిది వందల మీటర్లు దిగేసరికి తేరుకున్నాడు. దానికి అసలు మందు దిగడమే. ఒళ్లు ఎంత గట్టిగా ఉన్నా ఎత్తు కనికరించదు. మూడు వేల మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు ఎత్తును రోజుకు ఐదు వందల మీటర్లకు మించి పెంచకూడదు, మూడు నాలుగు రోజులకొకసారి ఆగాలి. ఇక ఎనిమిది వేల మీటర్ల పైన ఎక్కువమంది పోయేది ఎక్కేటప్పుడు కాదు, శిఖరం చూసి దిగేటప్పుడే. మా గౌండ్ల కాక హిమాలయాలు చూడలేదు.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది: భువనగిరి పో, కానీ అక్కడ నేర్పేవాళ్ల దగ్గరికి పో. మొదటి మూడు నాలుగు నెలలు పైనుంచి కట్టిన తాడుతోనే ఎక్కు. ఎనిమిది అంకె ఆకారంలో ఉండే 'ఎనిమిది ముడి' కళ్లు మూసుకుని వెయ్యడం రావాలి. తాడుతో దిగేటప్పుడు తాడు కొసన ముడి వేసే అలవాటు చేసుకో. తాడు పొడవు చాలక, కొస చేతిలోంచి జారిపోయి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లలో ఆరితేరినవాళ్లూ ఉన్నారు. బండ మీద ఆరేడు నెలలు అయ్యాక ఇంకా మోజు తగ్గకపోతే, ఉత్తరకాశీలోనో డార్జిలింగ్‌లోనో బేసిక్ కోర్సుకు పెట్టుకో. ప్రభుత్వ సంస్థలు, ఫీజు ప్రైవేటు ట్రెక్కుల కంటే మేలు.

ఇంట్లో ఏం చెప్పాలంటే, నిజం చెప్పు. నేను వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు ముక్కలు రాసి అమ్మకు ఇస్తాను: ఏ గుట్ట, ఏ వైపు, వెంట ఎవరు, ఎన్నింటికి కిందికి వస్తాను. ఆ టైముకు గంట దాటినా ఫోన్ రాకపోతే ఎవరికి చెయ్యాలో నంబరు. అమ్మకు చదువు రాదు, కాగితం తీసుకుని మా తమ్ముడితో చదివించుకుంటుంది. ఎన్ని అడుగులు, ఎంత కష్టం అని ఇన్నేళ్లలో ఒక్కసారి అడగలేదు. "ఎన్నింటికి దిగుతవు?" అనే అడుగుతుంది.

బూట్ల సంగతి మర్చిపోయా. స్పోర్ట్స్ షూ వద్దు, అడుగు మెత్తన. ఎక్కే బూట్లు వేళ్లు కొంచెం ముడుచుకునేంత బిగుతుగా ఉండాలి, నొప్పి పెట్టేంత కాదు. సాయంత్రం పూట వెళ్లి, రెండు పాదాలకూ తొడిగి చూసి కొనుక్కో. పొద్దున కంటే సాయంత్రం పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది.